ఇరవై ప్రశ్నల కాగితం

జూన్ 3

నాన్నగారికి,

మేము బాగానే ఉన్నాం. మీ అల్లుడుగారు నిన్న బస్సు అప్పగించి ఇంటికొచ్చి, ఒక పూట ఒళ్ళు తెలియకుండా నిద్రపోయి మళ్ళీ డ్యూటీకి వెళ్ళారు. ఫోను చేద్దామంటే మీకు సగం వినపడదు, వినపడని సగం మీరే ఊహించేసుకుంటారు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. ఎర్ర పెన్ను కాసేపు పక్కన పెట్టి చదవండి.

గువ్వ సంగతి రాయాలి. దానికి మూడేళ్ళు నిండి నెల దాటింది. ప్లేస్కూలు టీచరు ఆమధ్య నన్ను గుమ్మం పక్కకు పిలిచి, "మీ పాప పిలిస్తే పలకదండీ. చెవులు చూపించారా?" అని అడిగింది. చూపించాను. చెవులు నిక్షేపంగా ఉన్నాయన్నారు. అది నాకూ తెలుసు. వంటగదిలో బిస్కెట్ ప్యాకెట్టు చింపిన చప్పుడుకి ముందుగదిలోంచి పరుగెత్తుకొస్తుంది. అదే వెనక నిలబడి పదిసార్లు పేరు పెట్టి పిలిచినా తల తిప్పదు. నీళ్ళు కావాలంటే అడగదు, నా చెయ్యి పట్టుకెళ్ళి సీసా మీద పెడుతుంది. అప్పుడు కూడా నా ముఖంలోకి చూడదు, చేతి వంకే చూస్తుంది. టీవీలో వచ్చే సబ్బు ప్రకటన పొల్లు పోకుండా అప్పజెబుతుంది కానీ, "అమ్మా" అని ఇంతవరకు పిలవలేదు.

పిల్లల డాక్టరుగారు ఆగస్టు 20న పరీక్షకు తీసుకురమ్మన్నారు. ఆటిజం అవునో కాదో అప్పుడు చెబుతారట. ఈలోగా నింపి తెమ్మని ఇరవై ప్రశ్నల కాగితం ఇచ్చారు. నాన్నగారూ, అందులో సగానికి పైగా ఏడాది నుంచి రెండున్నరేళ్ళ మధ్య సంగతులు. ఆ ఏడాదిన్నర నేను శిక్షణ అనీ కొత్త ఉద్యోగమనీ ఇక్కడున్నాను, అది మీ దగ్గరుంది. నా దగ్గర జవాబుల్లేవు. కాగితంలో ఉన్న వరసలోనే వెనకవైపు రాసి పంపుతున్నాను. పేరు అడిగితే చెప్పేదా, ఎన్నేళ్ళంటే వేళ్ళు చూపేదా, ముక్కేదంటే చూపేదా, కుక్క ఎలా అరుస్తుందంటే అరిచి చూపేదా, వెళ్ళొస్తానంటే చెయ్యి ఊపేదా, ఇలా ఇరవై.

నేను కళ్ళద్దాలు అరగదీసే మనిషిని. కొలత తప్పు రాసిస్తే, అద్దం ఎంత నున్నగా తయారైనా పెట్టుకున్నవాడికి తలనొప్పే. మీకు నేను చెప్పేదాన్ని కాను గానీ, ఉన్నది ఉన్నట్టు రాయండి.

జవాబు కోసం రోజూ పోస్టు డబ్బా తెరిచి చూసే,
మీ అమ్మాయి


జూన్ 12

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరంలో ఎనిమిది తప్పులున్నాయి. దిద్దలేదు, లెక్క మాత్రం పెట్టాను.

ఇరవై ప్రశ్నలకూ జవాబులు వెనక కాగితంలో ఉన్నాయి. అన్నిటికీ అవుననే రాశాను. నేను ముప్పై నాలుగేళ్ళు ప్రాథమిక పాఠశాల నడిపినవాణ్ణి. వేలమంది పిల్లలు నా చేతిలో అక్షరాలు దిద్దారు. మందకొడి పిల్ల ఎవరో, నిదానస్తురాలు ఎవరో నాకు తెలీదా? గువ్వ నిదానస్తురాలు. నువ్వు కూడా మూడేళ్ళ దాకా నోరు విప్పలేదు. విప్పాక ఇంతవరకు మూయలేదు, అది వేరే సంగతి.

దానికి ఇక్కడ ఏ లోటూ జరగలేదు. వేళకు తిండి, వేళకు నిద్ర. కింది వాటా వాళ్ళ పిల్లలు దాన్ని నెట్టేస్తున్నారని మెట్ల దగ్గర చెక్కతలుపు కూడా బిగించాను. ఇంటివాడు మేకులు కొట్టనివ్వనంటే వాడితో పోట్లాడాను. అంతా నీకు అప్పుడే రాశాను. ఇప్పుడు ఇరవై ప్రశ్నలు వేసి అడుగుతున్నావు. అడుగు.

ప్లేస్కూలుకి జూలైలో సెలవులన్నావు కదా, దాన్ని నెల్లాళ్ళు నా దగ్గరికి పంపు. మీరిద్దరూ ఉద్యోగాలకి పోతే ఆ పిల్లతో మాట్లాడే దిక్కెవరు? మాట్లాడితేనే కదా మాటలొచ్చేది.

ఆరోగ్యం బాగానే ఉంది. మోకాలు మాత్రం మెట్ల దగ్గర మొరాయిస్తోంది.

నాన్న


జూన్ 28

నాన్నగారికి,

ఆదివారం పొద్దున బస్సుకి మీ అల్లుడుగారు గువ్వని తీసుకొస్తారు. సంచిలో పసుపు దుప్పటి ఉంటుంది, అది లేకపోతే పడుకోదు. ఉతికితే వాసన మారిందని విసిరేస్తుంది, కాబట్టి ఉతక్కండి. మిక్సీ తిప్పేముందు దాన్ని వేరే గదిలోకి తీసుకెళ్ళండి. చెవులు మూసుకుని గోడకి తల కొట్టుకుంటుంది. మీ దగ్గర కూడా అలా చేసేదా? ఆ సంగతి మీరెప్పుడూ రాయలేదు.

మీ జవాబులు అందాయి. మరోసారి చూసి పంపుతారా? ఇరవైకి ఇరవై అవునంటే డాక్టరుగారు కాగితం చూసి పక్కన పెట్టేస్తారేమో. ఏడాదిన్నర వయసులో అది నిజంగా చెయ్యి ఊపేదా? నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. నాకు తెలియాలి, అంతే. తెలియకపోవడమే భరించలేకుండా ఉన్నాను. పనిలో మొన్న ఒక ముసలాయన అద్దాలు కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించేశాను. మా సూపర్‌వైజరు ఫ్రేము తెచ్చి నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. రెండేళ్ళలో నా చేతి మీద అలాంటిది జరగలేదు.

మీ అమ్మాయి


జూలై 25

అమ్మాయికి,

నీ పాప బంగారంలా ఉంది. మరోసారి చూసి పంపమన్నావు. చూశాను. మళ్ళీ అవుననే అంటున్నాను. తప్పు పట్టడం లేదని రాశావు చూడు, తప్పు పట్టనివాళ్ళకి ఆ మాట రాయాల్సిన పనిలేదు. నా చేతిలో ఉన్నప్పుడే పిల్ల ఇలా అయిందని నీ మనసులో ఉంటే సూటిగా అడుగు. తండ్రినే కదా, పడతాను.

పిల్ల విషయానికొస్తే, నువ్వు ఊరికే బెంగ పెట్టుకుంటున్నావు. ఇప్పుడు పేరు అడిగితే "గువ్వ" అంటోంది. ఎన్నేళ్ళంటే మూడు వేళ్ళు చూపిస్తోంది. ముక్కు చూపిస్తోంది. మూడు వారాల్లో ఇంత. పొద్దున గంట, సాయంత్రం గంట దాని పక్కన కూర్చుంటున్నాను, అంతే. బిస్కెట్లు కాస్త ఎక్కువ ఖర్చవుతున్నాయి.

మిక్సీ సంగతి అడిగావు. నేను మిక్సీ వాడను. దుప్పటి ఉతకలేదు. కంపు కొడుతోంది.

నాన్న


ఆగస్టు 21

నాన్నగారికి,

నిన్న పరీక్ష అయింది. ఈ ఉత్తరం రాస్తుంటే చేతులు ఇంకా తేలికగా ఉన్నాయి.

వరండాలో మూడు గంటలు కూర్చున్నాం. ముప్పైమంది దాకా ఉన్నారు. మా వంతు వచ్చేసరికి పరీక్ష చేసే ఆవిడ కూడా అలిసిపోయింది. అదే ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని వరసగా అడిగింది. గువ్వ టకటకా చెప్పింది నాన్నగారూ. పేరు చెప్పింది, మూడు వేళ్ళు చూపించింది, ముక్కు పట్టుకుంది. ఆవిడ కుక్క సంగతి అడగబోతుండగానే ఇది "భౌ భౌ" అంది. ఆవిడ నవ్వి, "చురుకైన పిల్లే" అంది. గువ్వ ఆవిడ ముఖంలోకి మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఆ సంగతి నేను అడిగితే, ఆవిడ "కొత్త చోటు కదా, సిగ్గు" అంది. మీ జవాబుల కాగితం కూడా చూసింది. కంగారు పడాల్సిందేమీ కనపడలేదని, ఏడాది తర్వాత ఒకసారి చూపించమని రాసిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పక్క సీటావిడ ఎవరైనా పోయారా అని అడిగింది. లేదండీ, మంచి కబురే అన్నాను.

మీకు రుణపడి ఉన్నాను. నెల్లాళ్ళలో నేను చేయలేనిది మీరు చేశారు. జూన్‌లో ఏదో గుచ్చినట్టు రాశాను, మనసులో పెట్టుకోకండి.

మీ అమ్మాయి


సెప్టెంబరు 9

నాన్నగారికి,

నా కిందటి ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు అర్థమైంది.

మొన్న శనివారం చెప్పులు కొనడానికి వెళ్ళాం. కొట్టతను గువ్వ ముందు కూర్చుని, "ఏ రంగు కావాలి తల్లీ?" అని అడిగాడు. గువ్వ అతని భుజం మీదుగా గోడకేసి చూస్తూ, "గువ్వ" అంది. మూడు వేళ్ళు చూపించింది. ముక్కు పట్టుకుంది. "భౌ భౌ" అంది. చెయ్యి ఊపింది. ఆ తర్వాత అరచెయ్యి చాపి బిస్కెట్ కోసం నిలబడింది. అతను నవ్వాడు.

అది ఏ వరసో నాకు తెలుసు. నా చేత్తో నేనే రాసి పంపాను. గుర్తు తెచ్చుకుని రాయండని మీకు ప్రశ్నలు పంపితే, మీరు వాటిని పాఠం చేశారు. ఇంటికొచ్చాక "వాన పడుతోందా గువ్వా?" అని అడిగాను. అదే వరస. "అమ్మ ఏదీ?" అని అడిగాను. అదే వరస. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను.

ఏడాది తర్వాత రమ్మన్నారు నాన్నగారూ. ఈ వయసులో ఒక్కో నెలా ఎంత విలువైనదో మొదటి రోజే డాక్టరుగారు చెప్పారు. మీరు నా కూతురికి ఏడాది లేకుండా చేశారు. దాన్ని పాస్ చేయించమని నేను అడగలేదు. దానికి ఏమైందో చెప్పమని అడిగాను. బడిలో మీ ఇష్టం. ఇది బడి కాదు.

ఈయనకి ఇంకా చెప్పలేదు. చెబితే మీ గుమ్మం తొక్కరు.

మీ అమ్మాయి


సెప్టెంబరు 19

అమ్మాయీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ లేదు.

బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చే ముందు మేమేం చేసేవాళ్ళమో నీకు తెలీదు. ఏం అడుగుతాడో మాకు ముందే తెలిసేది. నెల రోజులు ఆ ప్రశ్నలే రుద్దేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగేవాడు, పిల్లలు అరిచి చెప్పేవారు, బడికి మంచి పేరు వచ్చేది. అందరికీ బాగుండేది. అయితే ప్రతి తరగతిలో ఇద్దరు ముగ్గురు ఉండేవారు. ఎంత చెప్పినా పలకరు, ముఖంలోకి చూడరు, కిటికీ దగ్గర నిలబడి చువ్వలు లెక్కపెట్టుకుంటారు. వాళ్ళకి ముందురోజే "రేపు నీకు సెలవు" అని చెప్పి పంపేసేవాణ్ణి.

ఒకసారి అలాంటి ఒక పిల్లవాడి తల్లి బడికి వచ్చింది. గడప లోపలికి రాలేదు. "మావాడికి ఏమైంది సార్? మీరు చదువుకున్నోరు, చెప్పండి" అంది. నేను రిజిస్టరులోంచి తలెత్తకుండా, "మొద్దు" అన్నాను. ఆవిడ గడప దగ్గర్నుంచే వెళ్ళిపోయింది. జూన్‌లో నీ ఉత్తరం చదవగానే ఆవిడ గుర్తొచ్చింది. గువ్వని ఆ రోజుకి సెలవు పెట్టించడానికి వీల్లేదు కదా. అందుకని తర్ఫీదిచ్చాను.

ఇక నువ్వు అడిగిన నిజం రాస్తున్నాను. ఏడాది నిండి నా దగ్గరికి వచ్చినప్పుడు గువ్వకి మూడు మాటలు వచ్చు. పదహారో నెలకి పదకొండు వచ్చాయి. తాత, పాలు, పో, బువ్వ, కాకి, ఇంకా ఉన్నాయి. పద్దెనిమిదో నెలలో కాకి పోయింది. కాకిని చూపించినా అనేది కాదు. తర్వాత పో అనడం మానేసింది. ఇరవయ్యో నెల వచ్చేసరికి తాత కూడా పోయింది. చివరికి పోయింది అదే. చెయ్యి ఊపడం కొన్నాళ్ళు ఉండి ఆగిపోయింది. వెనక నిలబడి పిలిచి చూశాను. పళ్ళెం మీద గరిటెతో కొట్టి చూశాను. గరిటెకి తిరిగింది, నాకు తిరగలేదు. కుక్కరు కూతకి గోడకి తల కొట్టుకునేది. మెట్ల దగ్గర తలుపు బిగించింది కింది పిల్లలు నెడతారని కాదు. వాళ్ళు దాన్ని వింతగా చూసి నవ్వుతున్నారని.

నీకు రాయలేదు. ప్రతి ఆదివారం రాయాలనే కూర్చునేవాణ్ణి. పదకొండు మాటలున్న పిల్ల నా చేతుల్లో ఉండగా ఒక్కో మాటే పోగొట్టుకుంటోందని కన్నతల్లికి ఎలా రాయాలో తెలియలేదు. నేనేదో చేశాననే అనుకున్నాను. ఆడమనిషి లేని ఇల్లు, ఒంటరి ముసలాడు, చెవుడు. నా గొంతు పెద్దదని, దాన్ని బెదరగొట్టానేమోనని కూడా అనుకున్నాను. నువ్వు ప్రశ్నలు పంపినప్పుడు అదే అడుగుతున్నావనుకున్నాను.

ఈ ఉత్తరం ఎవరికి చూపించాలన్నా చూపించు. కాగితం వెనకవైపు పూర్తి పేరుతో సంతకం పెడుతున్నాను. అవసరమైతే వచ్చి ఆ డాక్టరుగారి ముందు నిలబడతాను.

నాన్న


అక్టోబరు 17

నాన్నగారికి,

మీ ఉత్తరం తీసుకుని, ముందుగా చెప్పకుండానే ఆసుపత్రికి వెళ్ళి కూర్చున్నాను. రెండు రోజులు లోపలికి పంపలేదు. మూడో రోజు డాక్టరుగారే బయటికొచ్చి, అక్కడే నిలబడి ఉత్తరం మొత్తం చదివారు. "ఈ పాప గురించి ఇంతవరకు నాకు పనికొచ్చిన కాగితం ఇదొక్కటే" అన్నారు. మర్నాడే మళ్ళీ పరీక్ష పెట్టించారు. ఈసారి రెండు రోజులు, ముగ్గురు కలిసి చూశారు. ప్రశ్నలేమీ అడగలేదు, ఆడుకోనిచ్చి చూశారు.

ఆటిజమే నాన్నగారూ.

రాసేసరికి ఇది రెండు ముక్కల మాటే. వినేటప్పుడు మాత్రం డాక్టరుగారిని మళ్ళీ చెప్పమన్నాను. ఈయన టోపీ చేతుల్లో నలిపేస్తూ కూర్చున్నారు. మీరు చేసింది ఈయనకి ఆ వారమే చెప్పాను. విని, "ఆ పెద్దాయన చేసింది నేనూ చేసుండేవాణ్ణేమో" అన్నారు. నేను ఇంకా అంత దూరం రాలేదు. మీ మీద కోపం పోలేదు, పోయిందని అబద్ధం రాయను.

కానీ ఒకటి మీకు తెలియాలి. నేను మిమ్మల్ని ఎప్పుడూ అనుమానించలేదు. నన్ను నేను అనుమానించుకున్నాను. ఏడాది పిల్లని వదిలేసి వచ్చానని, అది నా కోసం చూసి చూసి మాటలు మానేసిందని. మీరు ఏదో ఒకరోజు ఆ మాట అంటారని భయపడి, మీ ఉత్తరాలన్నీ అదే వెతుక్కుంటూ చదివాను. డాక్టరుగారిని మన ఇద్దరి మాటా అడిగాను. తల్లి దగ్గర లేకపోవడం వల్ల కాదు, తాత గొంతు వల్లా కాదన్నారు. పెంపకంతో వచ్చేది కాదట. మొదటి పుట్టినరోజు నుంచి అందరం ఒకే ఇంట్లో కూర్చుని ఉన్నా ఇదే జరిగేదట. ఇన్నాళ్ళూ మనిద్దరం చెరొక గదిలో కూర్చుని ఒకే నేరం ఒప్పుకుంటున్నాం.

ఇప్పుడు అసలు సంగతి. దానికి శిక్షణ వెంటనే మొదలుపెట్టాలి. ఇక్కడి కేంద్రంలో ఎనిమిది నెలల దాకా ఖాళీ లేదు. మీ ఊరి ఆసుపత్రిలో మంగళ, శుక్రవారాలు ఉందట. ఇంటి మనిషి ఒకరు ప్రతిసారీ పక్కన కూర్చుని నేర్చుకోవాలి, మిగతా రోజులు ఇంట్లో చేయించాలి. నాకు సెలవు లేదు. దాన్ని మళ్ళీ మీ దగ్గర వదలాలా అని పన్నెండు రోజులు ఆలోచించాను. ఈయన "నీ ఇష్టం" అన్నారు. అంతకంటే కష్టమైన మాట లేదు.

ప్రతి ఆదివారం నేను వస్తాను. వారం మధ్యలో ఉత్తరం రాయండి. అది చేసింది రాయండి, చేయనిది కూడా రాయండి. బాగుందని రాసి నన్ను సంతోషపెట్టకండి. ఒక్క అబద్ధం దొరికినా ఆ ఆదివారమే తీసుకొచ్చేస్తాను.

మీ అమ్మాయి


నవంబరు 14

అమ్మాయికి,

రెండో వారం అయింది. శిక్షణ ఇచ్చే అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నన్ను నేల మీద కూర్చోబెట్టింది. కూర్చోవడం నా వల్ల అయింది, లేవడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

మొదటి రోజే చీవాట్లు తిన్నాను. గువ్వ చెక్కబిళ్ళ తీసుకుంటే, "ఇది ఏ రంగు?" అని అడిగాను. ఆ అమ్మాయి, "తాతగారూ, అడగకండి" అంది. సరే అని, "ఎర్రది కదూ?" అన్నాను. "అది కూడా అడగడమేనండీ" అంది. అరగంట పాటు ప్రశ్న వేయకూడదట. పాప ఏం చేస్తే నేనూ అదే చేస్తూ పక్కన ఉండాలట. అది బిళ్ళ దొర్లిస్తే నేనూ దొర్లించాలి. ముప్పై నాలుగేళ్ళు ప్రశ్నలు వేసి బతికినవాడికి నోరు మూసుకుని బిళ్ళ దొర్లించడం ఎంత కష్టమో నీకు చెప్పలేను. చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా నోట్లో ప్రశ్నలు తిరుగుతూనే ఉన్నాయి.

తిండి బాగానే తింటోంది. బుధవారం కుక్కరు కూత వేస్తే గోడకి రెండుసార్లు తల కొట్టుకుంది. తప్పు నాది, పొయ్యి వెలిగించే ముందు దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళడం మర్చిపోయాను. నుదుటి మీద వాపు ఉంది. ఆదివారం నువ్వు చూస్తావని కాదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను. నిన్న సాయంత్రం పాత వరస అంతా అప్పజెప్పి చెయ్యి చాపింది. నేను బిస్కెట్ ఇవ్వలేదు. చాలాసేపు అలాగే నిలబడింది. ఆ చెయ్యి చూస్తూ ఉండడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

వారానికొకసారి నింపాల్సిన కాగితం ఇస్తారు. పేరు పిలిస్తే తిరిగిందా? లేదు. కావలసినది వేలితో చూపించిందా? లేదు. కొత్త మాట ఏమైనా అందా? లేదు. నాలుగోది, పక్కన ఉన్న మనిషిని చూసి నవ్విందా అని. అక్కడ పెన్ను ఆగింది. శుక్రవారం బిళ్ళలు దొర్లిస్తుండగా గువ్వ నా వైపు తిరిగి నవ్వింది. అంత నవ్వు దాని ముఖంలో నేను ఏడాదిగా చూడలేదు. అదే చోట కూర్చుని అవును అని రాయబోయి, వెనక్కి తిరిగి చూశాను. నా వెనక కిటికీ తెర గాలికి ఎగురుతోంది. అది తెరని చూసి నవ్వింది.

లేదు అని రాసి సంతకం పెట్టాను. నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఈ కాగితాన్ని నువ్వు నమ్మవచ్చు.

నాన్న